ముఖం లేని కాపలావాడు

ఆ ఏడాది వానలు మొదలయ్యేసరికి మా నాన్న మాటలు మూడుకు పడిపోయాయి. “ఊఁ” అనేవాడు, “ఊహూఁ” అనేవాడు, అమ్మ మరీ ప్రాణం తోడేస్తే “చూద్దాం” అనేవాడు. అంతకుముందు ఆయన నోరు మూయించడం ఎవరి తరమూ అయ్యేది కాదు. చేతిలో ఉలి ఆడుతున్నంతసేపూ నోరూ ఆడేది. పక్కవీధి సంగతులు, తన చిన్నప్పటి గొప్పలు, ఏ రాయికి ఎంత పొగరో, అన్నీ వరసగా వచ్చేవి.

చలికాలంలో లారీలోంచి దించుతుంటే ఓ రాతిపలక జారి ఆయన కుడిచేతి మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ మూడు వేళ్ళు కొయ్యబారిపోయాయి. గ్లాసు ఎత్తగలడు, చొక్కా బొత్తాం పెట్టుకోలేడు. ఉలి సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే మా షెడ్డు గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. లోపల నేను మెట్లరాళ్ళో, గడపలో, పేరు పలకలో చెక్కుకుంటుంటే చూస్తూ ఉండేవాడు. మంచినీళ్ళకి బయటికెళ్ళాలన్నా ఆయన మోకాళ్ళు దాటుకుని వెళ్ళాలి.

షెడ్డు మధ్యలో నిలబడి ఉన్నవాడి గురించి కూడా చెప్పాలి. కొత్తగా కడుతున్న లైబ్రరీ మెట్లకి అటొకడు ఇటొకడు ఉండాలని ఇద్దరు రాతి కాపలావాళ్ళని చెక్కమన్నారు. ఇసుకరాయి, నిలువెత్తు కంటే జానెడు ఎక్కువే, రెండు చేతులూ కర్ర మీద ఆనించి నిలబడ్డ మనుషులు. మొదటివాణ్ణి నాన్న దెబ్బ తగలకముందే పూర్తి చేశాడు. వాడు వెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాడు కూడా. రెండోవాడి కర్ర, చేతులు, చొక్కా మడతలు, చెప్పుల పట్టీలు, అన్నీ నేను చెక్కాను. ముఖం ఒక్కటే లేదు. మెడ మీద కోడిగుడ్డులా నున్నటి ముద్ద, అంతే.

ముఖం నేను చెక్కకూడదు. మా ఇంట్లో అదొక పద్ధతి. ముఖం చెక్కే సన్న ఉలి ఒక్కటే ఉంటుంది, అది ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. తాతయ్య తన చూపు మందగించాకే దాన్ని నాన్న చేతిలో పెట్టాడట. అప్పటికి నాన్న పదకొండేళ్ళు ఎదురుచూశాడు. నేను ఎదురుచూడటం మొదలుపెట్టి పద్నాలుగేళ్ళ మూడు నెలలైంది, అయినా ఎవరు లెక్కపెడుతున్నారు!

ఒక దొంగతనం కూడా ఒప్పేసుకుంటాను. షెడ్డు వెనక పనికిరాని ముక్కల గుట్ట ఉంది. నాన్న అన్నానికి వెళ్ళినప్పుడు చిన్న చిన్న ముక్కల మీద మామూలు ఉలితోనే ముఖాలు చెక్కేదాన్ని. ఆయన చెయ్యి కడుక్కునే చప్పుడు వినపడగానే నాలుగు దెబ్బలు కొట్టి చెరిపేసి ఆ గుట్టలో పారేసేదాన్ని. ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలీదని నా నమ్మకం.

తొలకరి పడ్డ వారానికి లైబ్రరీ మేడమ్ గొడుగు దులుపుకుంటూ వచ్చింది.

“మేస్త్రిగారూ, ఇంకో ఆరు వారాల్లో ప్రారంభం. మెట్లకి ఒకవైపు మనిషి ఉన్నాడు. రెండోవైపు వాననీళ్ళున్నాయి.”

“చూద్దాం,” అన్నాడు నాన్న.

“చూడటానికి టైము లేదండీ. మా పైవాళ్ళు సిమెంటుతో ఇద్దర్ని పోత పోయించేద్దాం అంటున్నారు. జతగా ఉంటాయట. అప్పుడు మీరు చెక్కినవాణ్ణి కూడా దింపేస్తారు. ఆరు వారాలు నేను ఆపగలను. ఆ తర్వాత నా చేతిలో ఉండదు.”

“నా చెయ్యి బాగవుతుంది,” అన్నాడు నాన్న.

మేడమ్ నా వైపు చూసింది. నేను సుత్తి వైపు చూసుకున్నాను. ఆవిడ గొడుగు సందు మలుపు తిరిగేదాకా ఆగి, “నాన్నా, నేను...” అన్నాను.

“ఊహూఁ.”

“పూర్తిగా వినలేదు నువ్వు.”

“ఊహూఁ.”

ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో కొట్టిన దెబ్బకి మెట్టురాయి అంచు బెత్తెడు ముక్క లేచిపోయింది. పీట మీద కూర్చుని ఆయన అదీ చూశాడు.

* * *

మా చెల్లి స్కూల్లో సైన్సు చెప్తుంది. శనివారం మధ్యాహ్నం అయిందంటే చాలు, సైన్సంతా గాలికొదిలేసి మంత్రాలు, మాయలు, రాక్షసులు. అదొక ఆట. ఒకరు కథ నడుపుతారు, అది చెల్లి. మిగతావాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషి వేషం కడతారు. తలుపు తోస్తాను, పులితో మాట్లాడతాను అంటూ ఏం చేస్తారో నోటితో చెప్తారు. అది కుదిరిందో లేదో ఇరవై పలకల పాచిక వేసి తేల్చుకుంటారు. ఎవరి మనిషికి వాళ్ళు బొటనవేలంత బొమ్మ బల్ల మీద పెట్టుకుంటారు. రోగి నోట్లో పట్టకారు పెట్టి “నెమ్మది, నెమ్మది” అనే పళ్ళ డాక్టరు ఈ ఆటలో రెండు చేతులా కత్తి తిప్పే వీరుడు. పొద్దస్తమానం బస్సులో గొంతు చించుకునే కండక్టరు ఇందులో గొంతు పెగలని ముసలి మంత్రగాడు. అన్నాళ్ళూ డాక్టరు క్లినిక్ మేడ మీద ఆడుకునేవాళ్ళు. వానలకి అక్కడ కప్పు కారడంతో ఆట మా ముందుగదికి వచ్చి పడింది.

ఆ మొదటి శనివారం వాళ్ళు కథలో ఓ కొండ కిందికి చేరారు. అక్కడ రాతి తలుపు, దాని ముందు రాతి కాపలావాడు. మంత్రంతో ప్రాణం పోసిన బొమ్మ. చేసినవాడు అప్పజెప్పిన పని తప్ప ఇంకోటి తెలీదు. చెల్లి దగ్గరున్న పుస్తకంలో వాడి ఎత్తు, బలం, ఎన్ని దెబ్బలకి కూలతాడో అన్నీ అచ్చేసి ఉన్నాయి.

“నా కత్తితో వాడి పొట్టలో ఒక్క పోటు!” డాక్టరు పాచిక విసిరాడు. పద్దెనిమిది పడింది.

“దిగింది! పన్నెండు పాయింట్ల దెబ్బ,” అంది చెల్లి.

“ఎలా దిగుతుంది?”

అందరం తలతిప్పి చూశాం. నాన్న. టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“రాతి పొట్టలో కత్తి ఎలా దిగుతుంది? కత్తి వంగుతుంది. డాక్టరుగారి మణికట్టు బెణుకుతుంది. నెల రోజులు పళ్ళు పీకలేరు.”

చలికాలం నుంచి ఆయన అన్నేసి మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే. వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది. అమ్మ చేతిలోంచే.

“పుస్తకంలో అలాగే ఉంది నాన్నా,” అంది చెల్లి.

“అది రాసినవాడు ఎప్పుడైనా రాయి ముట్టుకున్నాడా?”

“పోనీ, నేను నిప్పు మంత్రం వేస్తానండీ,” అన్నాడు కండక్టరు భయం భయంగా.

“వెయ్యి. నల్లబడతాడు, అంతే. రాయి బాగా కాగాక చన్నీళ్ళు కొడితే పగులుతుంది. నీళ్ళు తెచ్చుకున్నావా?”

కండక్టరు తన మంత్రగాడి సామాన్ల జాబితా పైనుంచి కింది దాకా వెతుక్కున్నాడు. “తాడుంది, కాగడా ఉంది, గబ్బిలం రెక్క ఉంది... నీళ్ళు లేవండీ.”

“గబ్బిలం రెక్క తెచ్చుకున్నావు, నీళ్ళు తెచ్చుకోలేదు!”

మా ఇంట్లో తెలివంతా చెల్లిదే. పుస్తకం టప్పున మూసేసింది. “అయితే నాన్నా, కాపలావాడిగా నువ్వే ఆడు.”

“నేనా?”

“రాయి సంగతి తెలిసింది నీకేగా.”

“చూద్దాం,” అన్నాడు. అంటూనే కుర్చీ లాక్కున్నాడు.

కూర్చున్నాక బల్ల మీద తన బొమ్మేదో చూపించమన్నాడు. డాక్టరు ఓ నీలం రంగు సీసా మూత ముందుకు జరిపాడు. నాన్న దాన్ని ఎడమచేతి రెండు వేళ్ళతో, చచ్చిన బొద్దింకని ఎత్తినట్టు ఎత్తాడు.

“పెద్దమ్మాయ్,” అన్నాడు నా వైపు తిరిగి. “వచ్చే శనివారానికి ఓ బొమ్మ చెయ్యి.”

చెయ్యి దెబ్బతిన్నాక ఆయన నాకో పని చెప్పడం అదే మొదలు. నాకెంత సంతోషమేసిందో దాచుకోవడం చేతకాక గబగబా గ్లాసులెత్తుకుని లోపలికి పోయాను.

* * *

బలపపు రాయి గోటికి కూడా లొంగుతుంది. మంచి ముక్క చూసుకుని జానెడు ఎత్తున చెక్కాను. షెడ్డులో ఉన్నవాడి తమ్ముడే అన్నట్టు కర్ర, చేతులు, చొక్కా మడతలు. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆగాను. ఆయన పద్ధతి ఆయనకే ఉండనీ అని గుడ్డులా నున్నగా వదిలేశాను. అందులో కాస్త కసి కూడా ఉందని ఒప్పుకోవాలి.

శనివారం దాన్ని బల్ల మీద పెడితే బల్ల కాలు కిర్రుమంది, పెన్సిళ్ళు దొర్లిపోయాయి.

“అమ్మో, నా వీరుడు వీడి మోకాలికైనా రావట్లేదు!” అన్నాడు డాక్టరు.

ఆరోజు అమ్మ కూడా కుర్చీ వేసుకుంది. “ఊరికే టీలు కాచే బదులు నేనూ ఆడతాను. నాకేం వేషం ఇస్తావే?”

“ఒక్క దొంగ వేషమే మిగిలిందమ్మా.”

“అదే ఇవ్వు. ఇన్నేళ్ళు మంచిదానిగా ఉండీ ఉండీ విసుగొచ్చింది.”

డాక్టరు గొంతు సవరించుకుని, వీరుడి ఠీవితో మొదలుపెట్టాడు. “ఓ కాపలాదారుడా! నీ వెనక ఏముంది?”

నాన్న పలకలేదు.

“నాన్నా, నీ వంతు,” అంది చెల్లి.

నాన్న బొమ్మ మెడ పైభాగం చూపించాడు. “నోరేది?”

“ఏంటి?”

“వాడికి నోరు లేదు. ఎలా చెప్తాడు?”

నలుగురూ నా వైపు తిరిగారు. “ముఖం చెక్కడానికి నాకు అనుమతి లేదుగా,” అన్నాను పుల్లగా.

నాన్న బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, “చెవులూ లేవు. మీ మాటలు వీడికి వినపడవు,” అన్నాడు. “మెడ మీద చెయ్యేసి అడిగితే మాత్రం ఆ అదురు తెలుస్తుంది. అవునైతే ఒక దెబ్బ కొడతాడు. కాదైతే రెండు.” ఎడమచేతి పిడికిలితో బల్ల మీద కొట్టి చూపించాడు.

“ఇంట్లో జరిగేది అదేగా, కొత్తేముంది?” అంది అమ్మ.

అక్కణ్ణించి మొదలైంది తమాషా. ఒకరి తర్వాత ఒకరు లేచి బొమ్మ మెడ మీద వేలేసి అడగడం, నాన్న గంభీరంగా బల్ల మీద కొట్టడం. లోపల బంగారం ఉందా? ఒక దెబ్బ. మమ్మల్ని పోనిస్తావా? రెండు. లంచం తీసుకుంటావా? రెండు, అదీ బల్ల అదిరేలా. ఇంతకీ నిన్నెవరు నిలబెట్టారు అని కండక్టరు అడిగితే ఎన్ని దెబ్బలు కొట్టాలో తెలీక నాన్న కళ్ళు తేలేశాడు.

ఆ తర్వాత వారమంతా ఇంట్లో అదే గొడవ. బుధవారం నేను గడప చెక్కుతుంటే పీట మీంచి ఉన్నట్టుండి, “పెద్దమ్మాయ్, వాడి మోకాళ్ళు వంగుతాయా?” అన్నాడు.

“ఎవడివి?”

“బల్ల మీద వాడివి. నువ్వేగా చెక్కావు.”

“వంగవు. నిలబెట్టే చెక్కాను.”

“అనుకున్నాను,” అన్నాడు. ఆ శనివారం నుంచి ఆట జరిగే మూడు గంటలూ నిలబడే ఉన్నాడు. మోకాళ్ళు వంగనివాడు కుర్చీలో ఎలా కూర్చుంటాడని వాదన. మోకాళ్ళ నొప్పులని నాలుగు మెట్లు కూడా ఎక్కని మనిషి, ఇప్పుడెక్కడికి పోయాయి ఆ నొప్పులని అమ్మ దెప్పిపొడుస్తూనే ఉంది.

మూడో శనివారం కండక్టరు జాబితాలో నీళ్ళు రాసుకోవడమే కాదు, నిజంగానే సీసా నిండా నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నిప్పు మంత్రం కుదిరింది. కాపలావాడు ఎర్రగా కాగాడు. ఇక నీళ్ళు కొట్టడమే తరువాయి. నాన్న మొహం చూస్తే నిజంగా దిగులుపడ్డాడు. కండక్టరు పాచిక వేశాడు. ఒకటి పడింది.

“మంత్రగాడి కాలు జారింది. నీళ్ళన్నీ తన నెత్తినే పడ్డాయి,” అంది చెల్లి.

నాన్న నవ్వాడు. నోరు లేనివాడు కదా, చప్పుడు లేకుండా నవ్వాడు. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే బల్ల పట్టుకున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అమ్మ ఆయన్ని చూస్తూ తన వంతు వచ్చిందన్న సంగతే మర్చిపోయింది. నాకు కూడా ఆ పూట ఇల్లంతా వెలుగొచ్చినట్టే ఉంది.

వంతు గుర్తొచ్చాక అమ్మ పాచిక వేసింది. ఇరవై. దొంగ కాపలావాడి కాళ్ళ సందులోంచి దూరి తలుపు దాకా వెళ్ళిపోయింది. తలుపు మీద ఏదో రాసుందని చెల్లి చదివి వినిపించింది: కాపలావాడు నోరు తెరిచి లోపలికి పొమ్మంటేనే ఈ తలుపు తెరుచుకుంటుంది.

“నోరే లేదుగా వాడికి!” అన్నాడు డాక్టరు.

“అదే మరి,” అంది చెల్లి. ఆ రాత ముందే ఉందో, అప్పటికప్పుడు పుట్టిందో నేనిప్పటికీ అడుగుతూనే ఉంటాను. నవ్వుతుందే తప్ప చెప్పదు.

ఇదంతా ముందుగదిలో సంగతి. షెడ్డులో మాత్రం ఏ మార్పూ లేదు. పెద్దవాడు గుడ్డు ముఖంతో అలాగే నిలబడి ఉన్నాడు, నాన్న గుమ్మంలో పీట వేసుకుని అలాగే కూర్చుంటున్నాడు. లైబ్రరీ మేడమ్ ఫోను చేసింది. సిమెంటువాళ్ళు వచ్చి మెట్ల దగ్గర కొలతలు తీసుకెళ్ళారట. నాన్న చేసిన మొదటివాడి భుజం మీద టేపు వేలాడేసి మరీ కొలిచారట. ఆ మాట నాన్నకి చెప్పాను. ఆయన కుడిచేతి వేళ్ళు ఎడమచేత్తో ఒత్తుకుంటూ కూర్చున్నాడు. ఆ వేళ్ళు ఇక వంగవని అప్పటికి ఇద్దరికీ తెలుసు.

* * *

నాలుగో శనివారం వాన ఎంత జోరుగా కురిసిందంటే డాక్టరు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని వచ్చాడు. రాగానే బొమ్మ మెడ మీద చెయ్యేశాడు. వారమంతా ఆలోచించుకుని వచ్చినట్టున్నాడు.

“నీకు ముఖం ఉంటే మాట్లాడతావా?”

ఒక దెబ్బ.

“అయితే నేను చెక్కుతాను. పళ్ళకి రోజూ చేస్తున్నదే కదా. సరేనా?”

రెండు దెబ్బలు, డాక్టరు మాట పూర్తి కాకుండానే.

“పోనీ నేను?” అన్నాడు కండక్టరు. రెండు దెబ్బలు.

అప్పుడు అమ్మ లేచింది. నేను టీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చేసరికి ఆవిడ అరచెయ్యి బొమ్మ మెడ మీద ఉంది.

“నిన్ను చెక్కిన చెయ్యి ఒకటుందిగా. నీ ముఖం కూడా ఆ చెయ్యే చెక్కొచ్చా?”

డాక్టరూ కండక్టరూ నాన్న పిడికిలి వైపు చూస్తున్నారు, వాళ్ళకది ఆట. చెల్లి తన కాగితాల్లోకి తల దూర్చేసింది. నాన్న బొమ్మ వైపు కాక బల్ల మీద ఉన్న తన కుడిచేతి వైపు చూసుకుంటున్నాడు.

ఒక్క దెబ్బ కొట్టాడు.

“ఒకటేనా? ఒకటేగా!” కండక్టరు కుర్చీలోంచి ఎగిరాడు.

చెల్లి పాచిక నా వైపు దొర్లించింది. “అక్కా, వెయ్యి. పదిహేను దాటితే ముఖం వచ్చినట్టు.”

“పాచిక వేస్తే ముఖం వస్తుందా?” నాన్న నోరు లేదన్న సంగతి మర్చిపోయి కసిరాడు. విసవిసా లోపలికి వెళ్ళి, పాత గుడ్డలో చుట్టి ఉన్న సన్న ఉలి తెచ్చాడు. నా చేతులు ఖాళీ లేవు. టీ పళ్ళెంలోనే గ్లాసుల మధ్య దాన్ని పెట్టాడు. “నిజంగా చెక్కి తీసుకురా. తడి తగలనివ్వకు,” అన్నాడు.

అంతే. మళ్ళీ వెళ్ళి తన చోట నిలబడ్డాడు. పళ్ళెం గడగడలాడి టీ సగం ఒలికిపోయింది, నేను ఉలిని మాత్రం చటుక్కున లాగి చంకలో పెట్టుకున్నాను.

ఆ వారం మూడు రోజులు బొమ్మని ముట్టుకోలేదు. పద్నాలుగేళ్ళు ఏడ్చి సాధించుకున్న ఉలి చేతిలో ఉంది, చెయ్యి లేవట్లేదు. నాలుగోరోజు నా మీద నాకే కోపమొచ్చి కూర్చున్నాను. ముఖంలో ముందు ముక్కు తేలాలి, అన్నిటికంటే ఎత్తున ఉండేది అదే. ఆ తర్వాత నుదురు, బుగ్గలు, పెదాలు. కళ్ళు చివర. ఎవరి ముఖమో అనుకుని మొదలుపెట్టలేదు. శుక్రవారానికి కనుబొమలు ముడేసుకుని, పెదాలు బిగించుకుని నన్ను కోపంగా చూస్తున్నది ఎవరో అర్థమై పగలబడి నవ్వాను. మార్చడానికి మాత్రం చెయ్యి రాలేదు.

శనివారం బొమ్మ మీద గుడ్డ కప్పి తెచ్చాను. నాన్న గుడ్డ తీశాడు. ఎడమచేత్తో బొమ్మనెత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకి అటూ ఇటూ వంచి చూశాడు. బొటనవేలు ముక్కు మీంచి గడ్డం దాకా నడిపించాడు.

“నా ముఖం ఇంత కోపంగా ఉంటుందా?”

“ఉంటుంది,” అన్నారు నలుగురూ ఒక్కసారే.

“నేను మొదటిసారి చెక్కినవాడికి మా నాన్న ముక్కొచ్చింది,” అన్నాడు మెల్లగా. “నాకు తెలీకుండానే.” బొమ్మని తెచ్చి తలుపు ముందు దాని చోట పెట్టాడు. మోకాళ్ళు బిగించి నిలబడ్డాడు.

డాక్టరు ఇక ఆగలేకపోయాడు. “కాపలాదారుడా! ఇప్పుడు నీకు నోరుంది. నీకు తెలిసిందేదో చెప్పు!”

నాన్న గొంతు సవరించుకున్నాడు. ఎక్కణ్ణించి తెచ్చాడో తెలీదు, రాతి లోపల్నుంచి వచ్చినట్టు బొంగురు గొంతు.

“చెవుల్లేనప్పుడు కూడా నాకు అదురు తెలిసేది. నేను అన్నానికి వెళ్ళినప్పుడల్లా వెనక గుట్ట దగ్గర ఉలి దెబ్బలు పడేవి. ఆ గుట్టలో పద్దెనిమిది ముఖాలున్నాయి. అన్నీ చెరిపేసినవే. పదిహేను బాగాలేవు.”

నేను చెల్లి కుర్చీ వెనక్కి జరిగాను.

“మూడు బాగున్నాయి,” అన్నాడు. “అందులో ఒకటి చాలా బాగుంది. దాన్ని చెరపకుండా ఉండాల్సింది.”

“రాసుకో, రాసుకో!” డాక్టరు పెన్సిలు కోసం వెతుక్కున్నాడు. “పద్దెనిమిది, పదిహేను, మూడు, ఒకటి. తలుపు తాళం గుట్టు ఇదే అయ్యుంటుంది!” కండక్టరు అప్పుడే వాటిని కూడేస్తున్నాడు. అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలీలేదు. నాకైతే రెండూ వచ్చేశాయి.

“చాలా ఏళ్ళు నిలబడ్డాను,” అన్నాడు కాపలావాడు. “ఇంక తప్పుకుంటాను. లోపలికి పోండి.”

తలుపు ముందు నుంచి బొమ్మని తనే పక్కకి జరిపాడు. కుడిచేత్తో. మూడు వేళ్ళు వంగవు కాబట్టి అరచేతి అంచుతో తోశాడు, అంగుళం అంగుళం. చాలాసేపే పట్టింది. ఎవరమూ సాయం వెళ్ళలేదు. తర్వాత “అమ్మయ్య” అని మూడు శనివారాల్లో మొదటిసారి కుర్చీలో కూలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. మిగతా ఇద్దరూ ఇంకా లెక్కలు కూడుతుండగానే అమ్మ లోపల దూరి బంగారమంతా మూట కట్టేసింది.

* * *

మర్నాడు పొద్దున్నే అమ్మ లైబ్రరీ మేడమ్‌కి ఫోను చేసింది. “ఆ సిమెంటు బస్తాలు వాళ్ళింటికే పంపించెయ్యండి. మా అమ్మాయి చెక్కుతోంది,” అంది. నన్నడగలేదు, నాన్ననీ అడగలేదు. ఫోను పెట్టేసి, ఇంకా పదిరోజులుందిగా, ఏం చూస్తున్నావు, ఫో, అని నన్ను తరిమింది.

షెడ్డు దగ్గరికి వెళ్ళి అలవాటు కొద్దీ కాలు పైకెత్తాను. దాటడానికి అక్కడ మోకాళ్ళు లేవు. గుమ్మం ఖాళీగా ఉంది. ముక్కాలిపీట లోపల, పెద్దవాడి పాదాల దగ్గర వేసి ఉంది, నేనెక్కి నిలబడటానికి. పీట ఓ పక్కకి వాలకుండా ఓ కాలి కింద చెక్కముక్క కూడా దోపి ఉంది.

ఎక్కాను. గుడ్డు ముఖం నా ముఖానికి ఎదురుగా వచ్చింది. ముక్కు ఎక్కడ తేలాలో బొగ్గుముక్కతో గుర్తు పెట్టుకున్నాను. సన్న ఉలి ఆనించాను, సుత్తి ఎత్తాను. వెనక గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు వినపడింది. నేను తిరగలేదు.

“నాన్నా, ఇక్కణ్ణించి మొదలుపెట్టనా?”

గుమ్మం చెక్క మీద పిడికిలి దెబ్బ ఒకటి పడింది.

సుత్తి ఎత్తి పట్టుకుని రెండోదాని కోసం ఆగాను. చూరు మీంచి నీళ్ళు కారుతున్నాయి, వంటింట్లో అమ్మ ఏదో పాట తప్పుగా పాడుకుంటోంది. రెండోది పడలేదు. నేను కొట్టాను.